గడియారం గంట జరిగితే ఆవుకు ఎవరు చెప్పాలి?

ప్రతి ఏడాది నవంబరు మొదటి ఆదివారం తెల్లవారుజామున రెండు గంటలకు అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో గడియారాలు ఒక గంట వెనక్కి వెళ్తాయి. రెండు అయినది మళ్లీ ఒకటి అవుతుంది. ఫోన్లు, కంప్యూటర్లు వాటంతట అవే సర్దుకుంటాయి. గోడ గడియారాన్ని మనుషులు తిప్పుకుంటారు. గంట ఎక్కువ నిద్ర దొరికిందని చాలామంది సంతోషిస్తారు.

విస్కాన్సిన్ రాష్ట్రంలో పాడి కొట్టంలో ఉన్న ఆవుకు ఈ సంగతి తెలియదు. శనివారం దాకా ఉదయం ఐదింటికి వచ్చి పాలు పితికిన మనిషి ఆదివారం కూడా ఐదింటికే వస్తాడు. ఆవు లెక్కలో మాత్రం అప్పటికి ఆరు అయిపోతుంది. ఈలోగా పొదుగు బరువెక్కుతుంది. ఆవులు ఒక్కొక్కటిగా గేటు దగ్గరకు చేరి అరవడం మొదలుపెడతాయి.

అదే ఉదయం న్యూజెర్సీలో ఓ తెలుగు కుటుంబం ఇంట్లో పెంపుడు కుక్క మంచం పక్కకు వచ్చి దుప్పటి లాగుతూ ఉంటుంది. రోజూ ఆరున్నరకు లేచి తిండి పెట్టే మనిషి ఇంకా ఎందుకు పడుకున్నాడో దానికి అర్థం కాదు. గోడ మీద టైమ్ ఐదున్నరే. ఇంటికి ఫోన్ చేయాలంటే ఇక తొమ్మిదిన్నర గంటలు కాదు, పదిన్నర గంటల తేడా చూసుకోవాలని ఆ ఇంట్లో అందరికీ గుర్తుంటుంది. కుక్కకు చెప్పేవారే ఉండరు.

గడియారాన్ని మార్చేది చట్టం. జంతువు శరీరాన్ని నడిపేది వెలుతురు, మేత, అలవాటు. ఈ రెండింటికీ మధ్య ఏడాదికి రెండుసార్లు వచ్చే ఆ గంట తేడాను ఎవరో ఒకరు భరించాలి. అది మనిషి మీద పడుతుందా, పశువు మీద పడుతుందా అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

ఏమిటీ డేలైట్ సేవింగ్ టైమ్?

వేసవిలో పగలు పొడుగ్గా ఉండే దేశాల్లో మనుషులు నిద్ర లేవకముందే సూర్యుడు వచ్చేస్తాడు. ఆ ఉదయపు వెలుతురును సాయంత్రానికి జరిపితే దీపాల ఖర్చు తగ్గుతుందన్న ఆలోచనే డేలైట్ సేవింగ్ టైమ్. సూర్యుణ్ని జరపలేరు కాబట్టి గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు. చలికాలం రాగానే మళ్లీ వెనక్కి తెస్తారు.

అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకు వెళ్తుంది, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి వస్తుంది. యూరప్‌లో మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం ఈ మార్పులు జరుగుతాయి. అమెరికాలోనే హవాయి, అరిజోనాలో చాలా భాగం దీన్ని పాటించవు.

భారత్‌లో దీని అవసరం కనిపించదు. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నకొద్దీ వేసవి, చలికాలం పగళ్ల మధ్య తేడా తగ్గుతుంది. హైదరాబాద్‌లో ఏడాదిలో అతి పొడవైన పగలు సుమారు 13 గంటలైతే, అతి చిన్న పగలు సుమారు 11 గంటలు. లండన్‌లో జూన్ పగలు పదహారున్నర గంటలు దాటితే, డిసెంబరు పగలు ఎనిమిది గంటలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అక్కడ సాయంత్రానికి జరుపుకోవడానికి వెలుతురు మిగులుతుంది, ఇక్కడ అంతగా మిగలదు.

శరీరంలోనే ఉన్న గడియారం

జీవుల్లో సొంత గడియారం ఉందన్న అనుమానం పాతదే. 1729లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త జాన్ జాక్ దె మైరాన్ అత్తిపత్తి జాతి మొక్కను చీకట్లో పెట్టి గమనించారు. సూర్యకాంతి తగలకపోయినా ఆ మొక్క పగలు ఆకులు విప్పింది, రాత్రి ముడుచుకుంది. బయటి వెలుతురు చెప్పకపోయినా లోపలి నుంచి ఏదో వేళ చెబుతోందని అప్పుడు తేలింది. ఆ లోపలి గడియారం కణాల స్థాయిలో ఎలా నడుస్తుందో పండు ఈగల్లో కనిపెట్టినందుకు 2017లో జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆవు, కుక్క, పిల్లి, మనిషి వంటి క్షీరదాల్లో ప్రధాన గడియారం మెదడులోని హైపోథాలమస్ అనే భాగంలో ఉంటుంది. కంట్లో పడిన వెలుతురును బట్టి అది ప్రతి రోజూ తనను తాను సరిచేసుకుంటుంది. చీకటి పడ్డాక మెలటోనిన్ అనే హార్మోను విడుదలయ్యేలా చూసేదీ అదే.

దీనికి తోడు మేత వేళను గుర్తుపెట్టుకునే ఏర్పాటు మరొకటి ఉంది. రోజూ ఒకే వేళకు తిండి పెడితే, ఆ వేళ దగ్గరపడుతున్నప్పుడే జంతువులో హుషారు మొదలవుతుంది. జీర్ణరసాలు ముందే సిద్ధమవుతాయి. ఎలుకల మీద జరిగిన ప్రయోగాల్లో, మెదడులోని ప్రధాన గడియారం దెబ్బతిన్నా ఈ ఎదురుచూపు మాత్రం పోలేదు. కుక్క సరిగ్గా తిండి వేళకే గిన్నె దగ్గరకు వెళ్లి కూర్చోవడం వెనక ఉన్నది తెలివి ఒక్కటే కాదన్నమాట.

తన కోడీ తన కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మ కథ తెలుగువారికి తెలిసిందే. కోడికైనా తెల్లవారితే గానీ కూత రాదా? జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లో ఈ ప్రశ్నకు జవాబు చెప్పారు. రోజంతా మారని మసక వెలుతురులో ఉంచినా పుంజులు దాదాపు రోజుకోసారి తమ వేళకు కూస్తూనే ఉన్నాయి. వెలుగు రావడం, పక్క పుంజు కూయడం కూతను పెంచుతాయి గానీ, అసలు వేళ పుంజు లోపలే ఉంది. ప్రభుత్వం గడియారం తిప్పినంత మాత్రాన ఆ వేళ మారదు.

ఇక్కడే ఒక విషయం స్పష్టంగా చూడాలి. గడియారం మార్చినా పగటి పొడవు మారదు. కాబట్టి పగటి పొడవు మీద ఆధారపడే పనులు, అంటే గొర్రెలు ఎదకు రావడం, గుర్రాలకు చలికాలపు బొచ్చు పెరగడం వంటివి, ఈ మార్పుతో చెదరవు. అడవిలో తిరిగే జంతువు దినచర్య కూడా దానంతట అది చెదరదు. చెదిరేది మనిషి చేతి మీద ఆధారపడిన జంతువుల దినచర్యే. మేత వేసే చేయి, పాలు పితికే చేయి, తలుపు తీసే చేయి గంట ముందో వెనకో వస్తే తేడా వాటికే తెలుస్తుంది.

పొదుగుకు ఆదివారం తెలియదు

ఈ తేడా బాగా కనిపించేది పాడి ఆవుల్లో. పొదుగులో పాలు రోజంతా ఊరుతూనే ఉంటాయి. రోజుకు 30 లీటర్లు ఇచ్చే ఆవులో గంటకు సగటున లీటరుంపావు ఊరుతాయి. పన్నెండు గంటలకోసారి పితికే కొట్టంలో నవంబరు ఆదివారం ఉదయం ఆ విరామం పదమూడు గంటలవుతుంది. పొదుగులో ఇంకో లీటరుంపావు చేరుతుంది. పొదుగు బిగుస్తుంది, కొన్నిటికి చన్నుల నుంచి పాలు కారతాయి. పాలు బాగా ఇచ్చే ఆవుకే ఇబ్బంది ఎక్కువ.

మార్చిలో ఇది తిరగబడుతుంది. గడియారం ఐదు చూపిస్తున్నప్పుడు ఆవు శరీరానికి ఇంకా నాలుగే. అది పడుకుని నెమరువేస్తున్న వేళ. లేపి పితికితే, పదకొండు గంటల పాలే ఉంటాయి కాబట్టి ఆ పూట క్యాన్ కాస్త తగ్గుతుంది.

ఇంతకన్నా ముఖ్యమైనది చేపు. పాడి ఉన్న ఇళ్లలో ఈ మాట తెలియనివారుండరు. పొదుగులో పాలున్నా, పశువు చేపుకు రాకపోతే చన్నులోకి దిగవు. దూడ నోరు తగలడం, పొదుగు కడగడం, దాణా వాసన, రోజూ వచ్చే మనిషి అలికిడి, పాలమిషన్ చప్పుడు వంటివి మెదడుకు చేరగానే ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదలవుతుంది. ఒకటి రెండు నిమిషాల్లో పాలు దిగుతాయి. బెదురు, కంగారు కలిగితే మరో హార్మోను, అడ్రినలిన్, దానికి అడ్డుపడుతుంది. కొత్త మనిషి కూర్చుంటే గేదె చేపకపోవడం తెలుగు పల్లెల్లో రోజూ కనిపించే సంగతే. వేళ తప్పి లేపి, హడావిడిగా తోలుకొచ్చిన ఆవులోనూ జరగగలిగేది అదే.

అయితే దీన్ని మరీ పెద్దది చేసి చూడనక్కర లేదు. చాలా డెయిరీల్లో ఉదయం, సాయంత్రం పితుకులకు మధ్య పద్నాలుగు, పది గంటల చొప్పున ఎగుడుదిగుడు విరామాలు ఉంటాయి. ఆవులు వాటికి అలవాటుపడి బాగానే పాలిస్తాయి. అంటే గంట తేడాను ఆవు తట్టుకోలేదని కాదు. చెప్పాపెట్టకుండా ఒక్క రోజులో మందంతటికీ ఆ తేడా వచ్చిపడటమే సమస్య.

అందుకే అనుభవం ఉన్న రైతులు ఆదివారం కోసం ఆగరు. వారం ముందు నుంచే రోజుకు పది, పదిహేను నిమిషాల చొప్పున పితికే వేళను జరుపుతూ వస్తారు. నాలుగు నుంచి ఆరు రోజుల్లో గంట పూర్తవుతుంది. మేత వేసే వేళను, కొట్టంలో దీపాలు వేసే వేళను కూడా దాంతోపాటే జరుపుతారు. ఒకటి మారి మరొకటి మారకపోతే పశువుకు అయోమయం ఇంకా పెరుగుతుంది. సొంత కుటుంబమే నడిపే కొన్ని కొట్టాల్లో అసలు వేళే మార్చరు. ఐదింటి పితుకు నవంబరులో నాలుగింటి పితుకు అవుతుంది, అంతే. ఆవు నిద్ర చెడదు, రైతు నిద్ర చెడుతుంది.

ఆ వెసులుబాటు అందరికీ ఉండదు. పాల ట్యాంకర్ గోడ గడియారం ప్రకారం వస్తుంది. జీతానికి పనిచేసేవారి షిఫ్టు కూడా గోడ గడియారం ప్రకారమే మారుతుంది. పిల్లల బడి బస్సూ అంతే. కాబట్టి పెద్ద ఫారాల్లో చివరికి సర్దుకోవలసింది ఆవే.

రోబో ఉంటే చాలా?

ఈ చిక్కును కొంత తప్పించిన సాధనం పాలు పితికే రోబో. 1992లో నెదర్లాండ్స్‌లో తొలిసారి వాడుకలోకి వచ్చిన ఈ యంత్రాల్లో ఆవు తనకు కావాలనిపించినప్పుడు తనే నడిచి వచ్చి నిలబడుతుంది. మెడలోని ట్యాగ్ చూసి యంత్రం దాన్ని గుర్తుపట్టి పాలు తీస్తుంది, కాసింత దాణా ఇస్తుంది. ఇక్కడ ఐదింటి పితుకు అనేదే లేదు. గడియారం మారినా ఆవుకు తేడా తెలియదు.

యూరోపియన్ కమిషన్ 2018లో గడియారాల మార్పును రద్దు చేయాలని ప్రతిపాదించినప్పుడు, పశువుల దినచర్య గురించిన పాత ఆందోళనలు కొత్త పరికరాలు, కృత్రిమ దీపాలు, ఆటోమేటిక్ యంత్రాల వల్ల చాలావరకు తొలగిపోయాయని పేర్కొంది. యంత్రాలు ఉన్నచోట అది నిజమే. కానీ రోబో చిన్న రైతు తేలిగ్గా కొనగలిగే వస్తువు కాదు. అది లేని కొట్టంలో పాత ఆందోళన ఇప్పటికీ ఉంది.

కోళ్ల ఫారంలో బల్బే సూర్యుడు

కోళ్ల సంగతి వేరు. పక్షుల్లో వెలుతురు కంటి ద్వారానే కాక పుర్రె గుండా కూడా మెదడుకు చేరుతుంది. పగలు పొడుగైతే గుడ్లు పెట్టే కాలమని కోడి శరీరం గ్రహిస్తుంది. అందుకే గుడ్ల ఫారాల్లో సహజమైన పగటికి దీపాలు కలిపి రోజుకు సుమారు 14 నుంచి 16 గంటల వెలుతురు ఉండేలా చూస్తారు. తెలుగు రాష్ట్రాల్లోని లేయర్ ఫారాల్లో తెల్లవారుజామునో సాయంత్రమో లైట్లు వెలగడానికి కారణం ఇదే.

ఒక గుడ్డు తయారుకావడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది. ఆ వరుస అంతా వెలుతురు ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు పోతుంది అన్నదాని మీద నడుస్తుంది. కిటికీలు లేని షెడ్డులో టైమర్ చెప్పిందే తెల్లవారడం. ఆ టైమర్‌ను తాకకుండా వదిలేస్తే కోళ్లకు మార్పే ఉండదు. టైమర్ కూడా ఫోన్‌లాగా తనంతట తానే గంట జరిగిపోతే, కోళ్లకు ఒక్క రాత్రిలో తెల్లవారుజాము మారిపోతుంది. దాణా వేసే మనిషి వేళ మారితే లైట్లనూ మెల్లగా పది పదిహేను నిమిషాల చొప్పున జరపడం మంచిది. చీకట్లో దాణా పోసినా కోడి తినదు. పెరటి కోళ్లకు ఈ గొడవే లేదు. అవి వెలుగు చూసి దిగుతాయి, చీకటి చూసి గూడెక్కుతాయి. గూడు తలుపు వేసే మనిషి ఆఫీసు నుంచి వచ్చేసరికి చీకటి పడి, ఈలోపు నక్క రావడం ఒక్కటే వాటికి ప్రమాదం.

కుక్క, పిల్లి, గుర్రం

పెంపుడు కుక్క అటు సూర్యుణ్నీ ఇటు యజమానినీ చూస్తూ బతుకుతుంది. ఇందులో ఏది ముందు? టొరంటో విశ్వవిద్యాలయం పరిశోధకులు శరత్కాలపు మార్పు సమయంలో స్లెడ్ బండ్లు లాగే కుక్కలను, ఇళ్లలో ఉండే కుక్కలను పోల్చి చూసి 2025లో ఫలితాలు ప్రచురించారు. బండి కుక్కలు కచ్చితమైన దినచర్యకు అలవాటుపడ్డవి. మార్పు తర్వాతి ఉదయం మనుషులు రాకముందే అవి పాత వేళకు లేచి తిరగసాగాయి. తర్వాత త్వరగానే సర్దుకున్నాయి. ఇళ్లలోని కుక్కల ఉదయపు చర్యల్లో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. వాటి యజమానుల దినచర్యే రోజుకో రకంగా ఉండటం దీనికి ఒక కారణం కావచ్చు. ఎంత కచ్చితంగా వేళ పాటిస్తే, వేళ తప్పినప్పుడు తేడా అంతగా తెలుస్తుంది.

పిల్లులు సహజంగానే తెల్లవారుజామున, సందెవేళ చురుగ్గా ఉంటాయి. నవంబరులో పిల్లి గంట ముందే లేపుతోందని యజమాని విసుక్కుంటాడు. పిల్లి మాత్రం నిన్నటి వేళకే లేచింది. ఆ అరుపుకు లొంగి వెంటనే తిండి పెడితే కొత్త వేళ ఎప్పటికీ అలవాటు కాదు. తిండి వేళను రోజుకు పది నిమిషాలు జరపడం ఇక్కడ కూడా పనిచేసే ఉపాయం.

కొట్టంలో ఉండే గుర్రాలు మేత వేళ తప్పితే గోడను కాలితో తన్నడం, అటూ ఇటూ తిరగడం చేస్తాయి. ఆత్రంగా మింగడం, మేత ఒక్కసారిగా మారడం గుర్రం కడుపుకు మంచివి కావు. ఇటువంటప్పుడు ఎండుగడ్డి ఎప్పుడూ అందుబాటులో ఉంచితే దాణా గంట అటూ ఇటూ అయినా పెద్ద ఇబ్బంది ఉండదు.

మందులు వాడుతున్న జంతువుల విషయంలో జాగ్రత్త తప్పనిసరి. మధుమేహం ఉన్న కుక్కకో పిల్లికో సాధారణంగా పన్నెండు గంటలకోసారి తిండితోపాటు ఇన్సులిన్ ఇస్తారు. తిండి వేళ ఒకటి, సూది వేళ ఒకటి అయితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. రెండింటినీ కలిపే జరపాలి, అదీ పశువైద్యుణ్ని అడిగిన తర్వాత.

వేళకన్నా చీకటి వల్ల వచ్చే ఇబ్బంది ఇంకొకటి. డిసెంబరులో న్యూయార్క్‌లో సాయంత్రం నాలుగున్నరకే సూర్యుడు అస్తమిస్తాడు. ఆఫీసు నుంచి వచ్చి కుక్కను బయటకు తీసుకెళ్లేసరికి చిమ్మచీకటి. కుక్క మెడకు వెలుతురు పడితే మెరిసే పట్టీ కట్టడం అక్కడ ముచ్చట కోసం కాదు, ప్రాణం కోసం.

‘రైతుల కోసమే’ అన్న మాట నిజమేనా?

డేలైట్ సేవింగ్ టైమ్‌ను రైతుల కోసం పెట్టారని అమెరికాలో చాలామంది నమ్ముతారు. చరిత్ర దీనికి పూర్తిగా వ్యతిరేకం. 1895లో ఈ ఆలోచన చేసిన న్యూజిలాండ్‌వాసి జార్జ్ హడ్సన్‌కు పురుగులు సేకరించే అభిరుచి ఉండేది. పని ముగిశాక ఇంకా వెలుతురు మిగలాలని ఆయన కోరిక. 1907లో బ్రిటన్‌లో ఇదే వాదనతో ముందుకొచ్చిన విలియం విల్లెట్ ఇళ్లు కట్టించే వ్యాపారి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంధనం ఆదా కోసం 1916 ఏప్రిల్ 30న జర్మనీ దీన్ని మొదలుపెట్టింది. మూడు వారాలకు బ్రిటన్ అనుసరించింది. అమెరికాలో 1918లో చట్టం వచ్చింది.

దాన్ని గట్టిగా ఎదిరించినవారు రైతులే. మంచు తడి ఆరితే గానీ గడ్డి కోయడానికి వీలుండదు, మంచు ఆరేది సూర్యుణ్ని బట్టి. కూలీలు ఇంటికి వెళ్లేది గడియారాన్ని బట్టి. పొద్దున చేయలేని పని సాయంత్రం చేసేవారు లేక పోయేది. పట్నానికి పాలు తీసుకెళ్లే రైలు గంట ముందు వచ్చేది, ఆవు మాత్రం గంట ముందు పాలిచ్చేది కాదు. 1919లో అధ్యక్షుడు వుడ్రో విల్సన్ వీటోను సైతం తోసిపుచ్చి అమెరికా కాంగ్రెస్ ఆ చట్టాన్ని రద్దు చేసింది. ఇది తర్వాత మళ్లీ తిరిగివచ్చింది. రైతుల పేరు మాత్రం దానికి అంటుకుని ఉండిపోయింది.

దక్షిణాసియాలో ప్రయత్నించారా?

ప్రయత్నించారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు దాకా భారత్‌లో గడియారాలు గంట ముందు నడిచాయి. పాకిస్తాన్ 2002లో ఒకసారి, 2008, 2009లలో మళ్లీ గడియారాన్ని వేసవిలో ముందుకు జరిపింది. విద్యుత్ కొరత తీర్చుకోవడానికి బంగ్లాదేశ్ 2009 జూన్‌లో మొదలుపెట్టి ఆ ఏడాది చివరికే వదిలేసింది. శ్రీలంక 1996లో గడియారాన్ని ముందుకు జరిపి, చివరికి 2006లో భారత్‌తో సమానమైన పాత సమయానికి వచ్చింది. ఈ ప్రాంతంలో ఏ దేశమూ ఇప్పుడు దీన్ని పాటించడం లేదు.

భారత్‌లో ఇటువంటి మార్పు వస్తే పశువుల మీద పడే భారం ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఇక్కడ పాలలో పెద్ద భాగం రెండు మూడు పశువులున్న ఇళ్ల నుంచి వస్తుంది. ఊరి పాల కేంద్రం ఉదయం, సాయంత్రం నిర్ణీత వేళకు తెరిచి మూస్తుంది. ఆ వేళ గంట జరిగితే అన్ని ఇళ్లలోనూ గేదెలను ఆ రోజే గంట ముందు లేపాలి. రోజుకు పది నిమిషాల చొప్పున జరుపుకునే వీలు కేంద్రానికి పాలు పోసే రైతుకు ఉండదు. ఆ కేంద్రం కూడా మెల్లగా జరిగితేనే రైతూ జరపగలడు.

దీనికి తిరగబడిన ఉదాహరణ కూడా భారత్‌లోనే ఉంది. అస్సాంలో సూర్యుడు దేశంలో చాలా ప్రాంతాల కన్నా ముందే ఉదయిస్తాడు. అందుకని అక్కడి తేయాకు తోటలు బ్రిటిష్ కాలం నుంచి ‘బాగాన్ టైమ్’ పాటిస్తున్నాయి. ఇది భారత ప్రామాణిక సమయం కన్నా గంట ముందుంటుంది, ఏడాదంతా అలాగే ఉంటుంది. అక్కడ గడియారం సూర్యుణ్ని అనుసరిస్తోంది, అదీ ఏడాదికి రెండుసార్లు మారకుండా.

రద్దు చేస్తే మేలా?

2019 మార్చిలో యూరోపియన్ పార్లమెంటు గడియారాల మార్పును 2021లో ఆపేయాలని ఓటు వేసింది. సభ్యదేశాల మధ్య ఒప్పందం కుదరక అది ఆగిపోయింది. అమెరికా సెనేట్ 2022 మార్చిలో ఏడాదంతా వేసవి సమయమే ఉండాలన్న బిల్లును ఆమోదించింది, ప్రతినిధుల సభలో అది ముందుకు కదల్లేదు. మెక్సికో మాత్రం అదే ఏడాది దాదాపు దేశమంతటా ఈ పద్ధతిని రద్దు చేసింది.

ఏ సమయాన్ని శాశ్వతం చేయాలన్న దగ్గర జంతువుల లెక్కలు కూడా వేర్వేరుగా ఉన్నాయి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అమెరికాలో వాహనాలు జింకలను ఢీకొన్న పది లక్షలకు పైగా ప్రమాదాల వివరాలు పరిశీలించి 2022లో ఒక అధ్యయనం ప్రచురించారు. నవంబరులో గడియారం వెనక్కి వెళ్లిన వారంలో ఈ ప్రమాదాలు 16 శాతం పెరుగుతున్నాయని తేల్చారు. జింకల వేళ మారలేదు, మనుషుల ప్రయాణం చీకట్లోకి జరిగింది. ఏడాదంతా వేసవి సమయం ఉంటే ఏటా సుమారు 36,550 జింకలు, 33 మంది మనుషుల ప్రాణాలు దక్కుతాయని వారి అంచనా. మరోవైపు అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ వంటి సంస్థలు మనిషి ఆరోగ్యానికి ఏడాదంతా ప్రామాణిక సమయమే మేలంటాయి.

కొట్టంలోని ఆవుకు, ఇంట్లోని కుక్కకు ఈ వాదనలో ఏ పక్షమైనా ఒకటే. ఐదింటికి పితుకుతారా, ఆరింటికా అన్నది వాటికి పట్టదు. నిన్న ఏ వేళకు వచ్చారో రేపూ ఆ వేళకే రావాలి, అంతే.

ఆ గంట ఎవరిది?

చట్టం మారేదాకా మిగిలిన దారి ఆ గంటను ముక్కలు చేయడమే. అరవై నిమిషాలు ఒక్కసారి మీద పడితే భారం, రోజుకు పది నిమిషాలైతే ఆవుకు తెలియను కూడా తెలియదు. మేత, పితుకు, నడక, మందు, దీపం అన్నీ కలిసి జరగాలి. మార్పు రాబోయే ఆదివారం నాడు కాకుండా దానికి ముందు ఆదివారమే మొదలుపెట్టాలి.

దీనికి ఖర్చేమీ లేదు. కావలసింది మనిషి వారం రోజులు కాస్త ముందు లేవడమో, కాస్త ఆగడమో. గడియారం కనిపెట్టింది మనిషే, దాన్ని తిప్పేదీ మనిషే. తిప్పిన గంటను మోయవలసినదీ ముందుగా అతనే.